కొత్త ఆట డిస్కు పెట్టి పడుకోవలసి వచ్చింది. పాత ఆటలే మేలనిపించడం నా వయసు తప్పా?

గంటస్తంభం_గేమర్:
వయసు నలభై రెండు. ఊరు విజయనగరం. 1993లో నాన్నగారు కొనిచ్చిన టీవీ గేముతో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆడుతూనే ఉన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను.

మొన్న శనివారం రాత్రి, నెల రోజులు ఊరించుకుని కొన్న కొత్త ఆట (పేరు ఎందుకు లెండి) డిస్కు పెట్టాను. ఆవిడా పిల్లలూ పార్వతీపురం వెళ్ళారు. ఇలాంటి ముహూర్తం నాకు మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. వేరుశనగలు వేయించుకుని కూర్చున్నాను. తెర మీద ఒకటే మాట: అప్‌డేట్, 68 జీబీ. డిస్కులో ఉన్నది మరి ఏమిటో! పదకొండు గంటలకు ఇరవై శాతం అయింది. వేరుశనగలు అయిపోయాయి. పడుకున్నాను.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఖాతా తెరవమంది. ఈమెయిలు ఇచ్చాను, దానికి వచ్చిన అంకెలు కొట్టాను, పుట్టిన తేదీ అడిగితే 1983 దాకా చక్రం తిప్పుకుంటూ వెళ్ళాను. ఆ తరువాత పావుగంట సినిమా. అది అయ్యాక ‘ముందుకు నడవడానికి ఈ బటన్ నొక్కండి’ అన్నది. ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాను బాబూ! నాలుగు అడుగులు వేశానో లేదో దుకాణం తెరిచి చూపించింది. నా సైనికుడికి బంగారు రంగు టోపీ కావాలా అని.

కట్టేసి అటక మీది నుంచి పాత పెట్టె దించాను. కాంట్రా క్యాసెట్టు పెట్టి స్విచ్ వేశాను. పది లెక్కపెట్టే లోపు అడవిలో పరుగెత్తుతున్నాను. నిమిషంలో చచ్చిపోయాను కూడా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇది వయసు వల్ల వచ్చిన చాదస్తమా, నిజంగానే ఏదో చెడిందా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను.

సిరిమాను_సూరి:
మీరు 1983 దాకా తిప్పితేనే ఇంత బాధపడ్డారు. నాది 1969. వేలికి కట్టు కట్టుకోవాలి.

పాతక్యాసెట్టు:
చాదస్తం కాదు. 1985 నాటి సూపర్ మారియో మొత్తం ఆట బరువు 40 కేబీ. మా మావయ్య రోజూ పొద్దున్నే ఫోనుకు పంపే శుభోదయం పువ్వుల బొమ్మ అంతకంటే పెద్దది. ఆ 40 కేబీలోనే ముప్పై రెండు స్టేజీలు, పాటలు, రహస్య గొట్టాలు, అన్నీ. స్థలం లేక మేఘాన్నే ఆకుపచ్చ రంగు పూసి కింద పొదగా పెట్టారు. గమనించకపోతే ఈసారి చూడండి, రెండింటి అంచూ ఒకటే. ఇప్పుడు 2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ ఒక్కటే 200 జీబీ దాటింది. పొదుపు తెలిసిన ఇల్లాలికీ, జాతరలో పర్సు విప్పిన అల్లుడికీ ఉన్నంత తేడా.

మూడులాంతర్ల_మూర్తి:
అల్లుళ్ళ జోలికి రావద్దు.

రాజాం_రాజు:
నాకు పందొమ్మిది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మీరు ఏమీ అనుకోనన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇందులో సగం వయసే సార్. మీరు గుర్తుపెట్టుకున్న పది ఆటల వెనక మీరు మరిచిపోయిన వెయ్యి చెత్త ఆటలు ఉన్నాయి. అటారీ అనే ఆటల సంస్థ 1982లో ఐదారు వారాల్లో చుట్టేసిన ఈ.టీ. ఆట అమ్ముడుపోక, మరుసటి ఏడాది న్యూ మెక్సికోలో చెత్త పూడ్చే చోట మిగతా క్యాసెట్లతో కలిపి పాతిపెట్టారు. 2014లో తవ్వి బయటికి తీశారు కూడా. పాతవన్నీ మంచివైతే గోతిలో ఎందుకు వేస్తారు?

ఇంకొకటి. మా తరం చెత్త ఆటలను మా తరం మంచి ఆటలతో కాక, మీ తరం మంచి ఆటలతో పోలుస్తున్నారు. స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది, చేసింది ఒకే ఒక్క మనిషి. అందులో టోపీ కోసం జేబులోని అసలు డబ్బు అడగరు. పొలం దున్నుకోవడమే.

నాగావళి_గట్టు:
నిజం పొలం దున్నమంటే మా వాడు రాడు. ఫోనులో మాత్రం ముల్లంగి నాటుతున్నాడు.

గంటస్తంభం_గేమర్:
రాజూ, గోతి సంగతి ఒప్పుకుంటాను. నా దగ్గర ఉన్న ఒక క్యాసెట్టు మీద ‘9999 ఆటలు’ అని ఉంటుంది. నిజానికి ఉన్నవి పది, పన్నెండు. ఒకే ట్యాంకుల ఆటను రంగు మార్చి నూట యాభై పేర్లతో పెట్టారు. నేనూ తమ్ముడూ వేసవి సెలవులన్నీ కొత్తది ఎక్కడైనా దొరుకుతుందేమోనని నంబర్లు వరసగా నొక్కుతూ కూర్చున్నాం. మూడు వేల దాకా వెళ్ళాం.

పాతక్యాసెట్టు:
మూడు వేలతో ఆపేశారా? అసలైనవి ఆ తరువాతే ఉండేవి.

గంటస్తంభం_గేమర్:
ఈ మాట ఇప్పుడు చెప్పి నా నిద్ర చెడగొట్టకండి.

బొబ్బిలి_వీణ:
మీ అందరి స్వర్ణయుగంలో నాలాంటి వాళ్ళకు చోటు లేదన్న సంగతి ఎవరికైనా గుర్తుందా?

మా ఊరి బస్టాండు దగ్గర సందులో ఆటల షాపు ఉండేది. ఆకుపచ్చ తెర వేలాడేది గుమ్మానికి. అన్నయ్య లోపలికి వెళ్ళేవాడు, నేను బయట సైకిలు పట్టుకుని నిలబడేదాన్ని. ఆడపిల్లలు లోపలికి వెళ్ళకూడదని రాసి పెట్టలేదు, రాయవలసిన అవసరం లేదు. అందుకని ఆ ఆటలన్నీ నాకు శబ్దాలుగానే తెలుసు. ఏ శబ్దం వస్తే అన్నయ్య చచ్చిపోయాడో తెలిసేది. అది మూడుసార్లు వినబడితే సైకిలు స్టాండు తీసేదాన్ని, వాడు ఇక వచ్చేస్తాడని.

ఇప్పుడు నాకు నలభై. రాత్రి పది దాటాక నేను బొబ్బిలిలో, చెల్లి సాలూరులో, పెద్దమ్మ కూతురు బెంగళూరులో కూర్చుని ఒకే ఆట ఆడుతున్నాం. చెవిలో కబుర్లు చెప్పుకుంటూ. అప్‌డేటా? పడుకునే ముందు పెడితే పొద్దునకు అయిపోతుంది. ఇడ్లీ పిండి పులియబెట్టినట్టే. మీకు అలవాటు లేదు, అంతే.

గంటస్తంభం_గేమర్:
వీణగారూ, మీ మాట రెండుసార్లు చదివాను. మా చెల్లెలు కూడా బయటే నిలబడేది. అది సైకిలు కాపలా అనుకున్నాను ఇన్నాళ్ళూ. పండక్కి వచ్చినప్పుడు అడగాలి.

తోటపల్లి_కాలువ:
నేనూ కొత్తవాటి పక్షమే, కారణం వేరు. ఎనిమిదేళ్ల కిందట పనిలో ప్రమాదం జరిగి కుడి చేతి రెండు వేళ్ళు వంగడం మానేశాయి. పాత ఆటల్లో ఏ బటన్ ఎక్కడ పెడితే అక్కడే, మన చేయి ఎలా ఉందో దానికి అనవసరం. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో ఇలాంటివారి కోసం అరవైకి పైగా సెట్టింగులు ఉన్నాయి. బటన్లన్నీ నాకు అందే వైపు మార్చుకున్నాను. చూపు లేనివారు శబ్దాల ఆధారంగా ఆడే ఏర్పాటు కూడా ఉంది. ఆట పూర్తి చేసిన రాత్రి మా ఆవిడను లేపి మరీ చెప్పాను. తిట్టింది, అది వేరే సంగతి. కాంట్రా అంటే నాకూ ప్రాణమే, కానీ దానికి నా చేతి మీద జాలి లేదు.

పాతక్యాసెట్టు:
దీనికి ఎదురు చెప్పను. ఇది నిజంగా కొత్తవాళ్ళు సాధించినదే.

కానీ ఇంకో సంగతి ఉంది. ద క్రూ అని 2014లో వచ్చిన కార్ల ఆట. ఒంటరిగా ఆడాలన్నా సంస్థ సర్వరు నడుస్తూ ఉండాలి. 2024 మార్చి 31న ఆ సర్వరు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో డిస్కు ఉంది, ఆట లేదు. నా కాంట్రాను ఆపాలంటే ఎవరో మా ఇంటికి వచ్చి అటక ఎక్కాలి. మెట్లు కూడా సరిగా లేవు.

రాజాం_రాజు:
ద క్రూ విషయంలో మీతోనే ఉన్నాను. అది దొంగతనమే.

అయితే పాత ఆటలు కష్టంగా, నిజాయితీగా ఉండేవని మీ తరం ఎప్పుడూ అనే మాట మాత్రం నమ్మలేను. షాపు మిషన్లలో ఆడే గ్రేడియస్ అనే ఆటను 1986లో ఇంట్లో ఆడే యంత్రానికి మార్చిన కజుహిసా హషిమోటోకే అది కష్టమై, పరీక్షించుకోవడానికి ఒక కిటుకు పెట్టుకున్నాడు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. మీ కాంట్రాలో ముప్పై లైఫులు ఇచ్చిందీ అదే వరస. చేసినవాడే ఆడలేని ఆటను నిజాయితీ అంటారా?

సిరిమాను_సూరి:
ఆ వరస నాకు సంధ్యావందనం కంటే బాగా వచ్చు. ఇంట్లో చెప్పకండి.

టోకెన్_బాబాయి:
కుర్రవాడు దగ్గరికి వచ్చాడు కానీ అసలు సంగతి చెప్పలేదు. నేను చెబుతాను. 1994 నుంచి 2004 దాకా శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక సందులో ఆరు మిషన్లతో షాపు నడిపాను. టోకెను రూపాయి.

ఆ ఆటలు కష్టంగా ఉండేది మిమ్మల్ని వీరులను చేయడానికి కాదు. ఒక్కొక్కరు ఎక్కువ సేపు నిలబడితే నాకు గిట్టుబాటు కాదు. ఈ లెక్క జపాన్‌లో చేసినవాడికీ తెలుసు, అందుకే మిషను లోపల సెట్టింగు పెట్టాడు. కొన్ని బోర్డులకు చిన్న స్విచ్చుల వరస ఉంటుంది, కొన్నిటికి తెర మీదే మెనూ వస్తుంది. లైఫులు ఎన్ని, శత్రువులు ఎంత గట్టిగా కొట్టాలి, అంతా యజమాని ఇష్టం. పరీక్షల రోజుల్లో జనం ఉండరు కాబట్టి మూడు లైఫులు ఇచ్చేవాణ్ణి. వేసవి సెలవులు మొదలయ్యాయంటే తాళం తీసి రెండు చేసేవాణ్ణి.

మూడులాంతర్ల_మూర్తి:
బాబాయ్!!!

నాగావళి_గట్టు:
మా అమ్మ పోపుల డబ్బాలో చిల్లరంతా మీ స్విచ్చుకే పోయిందన్నమాట. 1997 వేసవి డబ్బులు తిరిగి ఇచ్చేయండి.

టోకెన్_బాబాయి:
నువ్వు బడి ఎగ్గొట్టి వచ్చిన రోజులు మీ నాన్నకు చెప్పలేదు. ఆ లెక్కకు ఇది చెల్లు.

పలాస_జీడి:
తిత్లీ తుపాను వచ్చిన సంవత్సరం, 2018 అక్టోబరు. మా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడ్డాయో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. కరెంటు రోజుల తరబడి లేదు. నా ఫోనులో ముప్పై ఆటలు ఉండేవి, మొదటి రోజే ఫోను చచ్చిపోయింది. మా వాడికి పైడితల్లి జాతరలో కొన్న బ్రిక్ గేము ఒకటి బీరువాలో ఉంది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే పలికింది. సాయంత్రం అరుగు మీద వీధి పిల్లలంతా వంతులు. ఎవరు ఎన్ని వరసలు చేశారో బొగ్గుతో గోడ మీద రాశారు. నా వంతు వచ్చేసరికి సెల్లు అయిపోయేది.

కానీ అది ఆట గొప్పతనమో, ఆ నాలుగు రోజులు ఇంకేమీ లేకపోవడమో నేను చెప్పలేను. కరెంటు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గోడ మీద రాత మాత్రం చాలా కాలం ఉంచాను.

గంటస్తంభం_గేమర్:
బాబాయ్ మాట విన్నాక నా వాదన సగం కూలిపోయింది. అత్యాశ అప్పుడూ ఉంది. అయినా ఏదో తేడా ఉంది, అది పట్టుకోలేకపోతున్నాను.

నాగావళి_గట్టు:
నేను చెప్పనా? బాబాయ్ రెండు లైఫులకు రూపాయి తీసుకున్నాడు, ఒప్పుకుంటాను. కానీ రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేవాడు. దించాక మా ఇంటికి వచ్చి తలుపు కొట్టి ‘ఈ రోజు బహుమతి తీసుకోలేదు, ఇంకో నాలుగు గంటలే గడువు’ అనలేదు. మా వాడి ఫోను అర్ధరాత్రి అదే మాట అంటోంది. మొన్న వాడికి జ్వరం. నూట రెండు. మూలుగుతూ లేచి కూర్చుని ఫోను తీశాడు. ఆడుకోవడానికేమో అనుకున్నాను. కాదట, వరసగా వంద రోజులు లాగిన్ అయితే ఏదో కత్తి వస్తుందట, ఆ రోజు తొంభై మూడోది. ఆడనే లేదు. తెరిచాడు, నొక్కాడు, పడుకున్నాడు. మేము ఆట కోసం జ్వరం దాచిపెట్టి వెళ్ళేవాళ్ళం, అది వేరు. ఇది హాజరు పట్టీ.

గంటస్తంభం_గేమర్:
అదే. నాకు కావలసిన మాట అదే. నేను అటక మీద పెట్టి పదిహేనేళ్ళు మరిచిపోయినా కాంట్రా ఏమీ అనుకోలేదు.

రాజాం_రాజు:
సరే, దీనికి నా దగ్గర జవాబు లేదు. నాదీ ఒకటి ఉంది, రెండు వందల పది రోజులు. ఎన్ని రోజులైందో అడగకుండానే చెప్పగలిగానంటే చూడండి.

కానీ వీణగారి ఆట కూడా కొత్తదే కదా, అది వారిని ఇలా పీడించడం లేదు. కాబట్టి పాత, కొత్త అన్న గీత సరైన చోట లేదు.

బొబ్బిలి_వీణ:
పీడిస్తుంది. నోటిఫికేషన్లు ఆపేశాను. అత్తగారింట్లో పదిహేనేళ్ళు నెగ్గుకొచ్చినదాన్ని, ఫోను ఎంత?

సిరిమాను_సూరి:
ఈ వారం ఉత్తమ జవాబు.

గంటస్తంభం_గేమర్:
చర్చలో చిన్న పిడకల వేట. పాత పెట్టెను కొత్త టీవీకి తగిలిస్తే గెంతు కాస్త ఆలస్యంగా పడుతోంది. బటన్ నొక్కాక గుంటలో పడుతున్నాను. అది కూడా వయసేనా?

ఆమదాలవలస_టీవీ_మెకానిక్:
వయసు కాదు, టీవీ. పాత డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు పైనుంచి కిందికి గీత గీతగా తెర మీద పడిపోతుంది. మధ్యలో ఆగేది లేదు. కొత్త టీవీ అయితే ముందుగా బొమ్మ మొత్తం లోపల దాచుకుని, సాగదీసి, మెరుగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. ఆ కాస్త సమయంలో మీరు గుంటలో పడతారు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే వేయండి, చాలావరకు తగ్గుతుంది.

బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ అయితే కొత్త టీవీ మీద అసలు పనిచేయదు. దాని నుంచి ఏమీ బయటికి రాదు, లోపల వెలుగును పసిగట్టే కన్ను ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి గడి వెలుగుతుంది. ఆ వెలుగు సరిగ్గా అదే క్షణంలో కంటికి తగిలితే బాతు చచ్చినట్టు. కొత్త తెర ఆలస్యం చేస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది.

మూడులాంతర్ల_మూర్తి:
అంటే నేను ట్యూబ్‌లైట్ వైపు గురిపెట్టి కాల్చి గెలిచానంటే...

ఆమదాలవలస_టీవీ_మెకానిక్:
అందుకే ముందు నల్లతెర. చీకటి కనబడవలసిన చోట వెలుగు కనబడితే గురి తప్పినట్టే లెక్క. మీరు గెలిచి ఉండరు.

మూడులాంతర్ల_మూర్తి:
గెలిచాను. మా తమ్ముడు సాక్షి.

ఆమదాలవలస_టీవీ_మెకానిక్:
ఇంకో మాట. క్యాసెట్టును నోటితో ఊదకండి. ఊపిరిలో తడి ఉంటుంది, లోపలి రాగి పట్టీలు తుప్పు పడతాయి. ఊదాక పనిచేసేది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు.

పాతక్యాసెట్టు:
దేవుడు లేడని చెప్పినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

టోకెన్_బాబాయి:
ఇంతమంది పోగయ్యారు కాబట్టి చెబుతున్నాను. షాపు మూసేటప్పుడు అయిదు మిషన్లు పాత ఇనుముకు వేశాను, ఒకటి మనసొప్పక ఉంచాను. మా ఇంటి వెనక గదిలో దుప్పటి కింద ఉంది. ముస్తఫా.

నాగావళి_గట్టు:
ముస్తఫానా!

రాజాం_రాజు:
ముస్తఫా అంటే?

పాతక్యాసెట్టు:
అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993, క్యాప్‌కామ్. మన దగ్గర ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందులో ముస్తఫా అన్నవాడు ఎగిరి తన్నే తన్ను బాగుంటుంది కాబట్టి ఆటకే వాడి పేరు పెట్టేశారు. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని ఒక మూటగా అమ్మింది, ఇది అందులో లేదు. కాబట్టి బాబాయ్ దుప్పటి చిన్న విషయం కాదు.

టోకెన్_బాబాయి:
బోర్డు పలుకుతోంది, శబ్దం వస్తోంది. బొమ్మే లేదు. తెర పోయింది.

ఆమదాలవలస_టీవీ_మెకానిక్:
గూట్లో ట్యూబ్ ఎన్ని అంగుళాలు? నా దగ్గర డబ్బా టీవీ ట్యూబులు మూడు మూలన పడి ఉన్నాయి. ఆదివారం వచ్చి చూస్తాను. మీరు దాన్ని విప్పవద్దు, కరెంటు తీసినా లోపల షాక్ ఉంటుంది.

గంటస్తంభం_గేమర్:
నేను విజయనగరం నుంచి వస్తాను. మోయడానికి ఒక మనిషి కావాలి కదా.

రాజాం_రాజు:
నేనూ వస్తాను. ఆడి చూశాక బాగాలేదంటే బాగాలేదనే చెబుతాను.

టోకెన్_బాబాయి:
చెప్పు. టీ అయితే ఇస్తాను.

బొబ్బిలి_వీణ:
బాబాయిగారూ, ఆ ఆట శబ్దం నాకు పూర్తిగా తెలుసు, బొమ్మ ఎప్పుడూ చూడలేదు. అందులో ఎంచుకోవడానికి ఎంతమంది ఉంటారు?

టోకెన్_బాబాయి:
నలుగురమ్మా. అందులో ఒక అమ్మాయి. హానా అని. పదేళ్ళలో ఆ పిల్లను ఎంచుకున్నవాణ్ణి నేను చూడలేదు. అందరికీ ముస్తఫాయే కావాలి.

బొబ్బిలి_వీణ:
ఆదివారం నేనూ మా అమ్మాయీ వస్తాం. హానాను దానికి ఉంచండి, నాకు ఎవరైనా ఫరవాలేదు. లైఫులు మాత్రం మూడు పెట్టండి.

టోకెన్_బాబాయి:
మూడే పెడతాను. టోకెను రూపాయే. అరువు లేదు.

నాగావళి_గట్టు:
సైకిలు నేను పట్టుకుంటాను.